బ్రేకు కాలు: టాలస్ ఎముక జారాక 48 వారాల పని లెక్క

మాది పర్లాకిమిడి, ఒడిశా-ఆంధ్రా సరిహద్దులో ఒడిశావైపు ఊరు. చేసేది వడ్రంగం. కుడి చీలమండలో టాలస్ అనే ఎముక, దాని మెడ (సన్నటి భాగం) దగ్గర విరిగి, దాని ఒళ్ళంతా (వెనకున్న పెద్ద భాగం) గూట్లోంచి వెనక్కి జారిపోయింది. ఎముకని సరిచేసింది సర్జను. ఆ తర్వాత ఇంట్లో ఒంటికాలి మీద బతకడానికి ఏవేం తయారుచేశానో, ఏది విరిగిందో, ఏది కొలిచానో ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే కొలతలు వాడుకోండి. కాలు ఎప్పుడు మోపాలి, ఎంత మోపాలి అన్నది మాత్రం మీ డాక్టరు చెప్పాల్సిందే. నా తేదీలు మీకు పనికిరావు.

ఖర్చు లెక్క ఇంట్లో తయారుచేసినవాటికి, వాటికోసం కొన్నవాటికి మాత్రమే. ఆసుపత్రి బిల్లు ఇందులో లేదు.

రోజు 0: కల్వర్టు

కాశీనగర్‌లో రెండు తలుపులు బిగించి బండి మీద వస్తున్నాను. సాయంత్రం ఐదున్నర. గేదె అడ్డొచ్చింది. వెనక బ్రేకు మీద కుడిపాదం మొత్తం వేసి తొక్కాను. బండి కల్వర్టు దిమ్మని గుద్దింది. పాదం పెడల్ మీద ఉండగానే ఒళ్ళు ముందుకు పోయింది. అంటే పాదం పైకి, కాలు దాని మీదకి. మధ్యలో ఉన్న టాలస్ నలిగింది.

తర్వాత సర్జను చెప్పాడు: మొదటి ప్రపంచయుద్ధంలో విమానాలు కూలినప్పుడు పైలట్లకి ఇదే దెబ్బ తగిలేదట. వాళ్ళ పాదాలు చుక్కాని కడ్డీ మీద ఉండేవి. 1919లో ఆండర్సన్ అనే సర్జను దీనికి ‘విమానం నడిపేవాడి చీలమండ ఎముక’ అని అర్థం వచ్చే పేరే పెట్టాడట. వాళ్ళకి చుక్కాని, నాకు బ్రేకు పెడల్.

కాలు ఎలా కనిపించిందంటే: మడమకి పైన, లోపలివైపు, నిమ్మకాయంత గడ్డ. దాని మీద తోలు సాగి తెల్లగా అయిపోయింది. వేలితో నొక్కి వదిలినా ఎరుపు రాలేదు. బొటనవేలు కిందకి ముడుచుకుంది, చాపుదామంటే రాదు. నొప్పి మాట రాయను, అది అందరికీ తెలిసిందే.

ఇక్కడే మొదటి తప్పు. అటుగా వస్తున్న పెద్దాయన ఒకరు, నాకు పెదనాన్న వరస, “ఏటయిపోనాదిరా, బెణికినాదేటి? ఉండు, నేను సరిసేత్తాను” అని పాదం పట్టుకొని గట్టిగా లాగాడు. వద్దనే ఓపిక లేదు నాకు. ఆయన మంచికే లాగాడు. కానీ విరిగిన అంచు లోపల ఏం కోస్తుందో లాగేవాడికి తెలీదు. ఆ పక్కనుంచే పాదానికి రక్తం తెచ్చే నాళం, నరం పోతాయి.

మళ్ళీ అదే కల్వర్టు దగ్గర పడితే ఇలా చేయమంటాను:

1. లాగొద్దు, తిప్పొద్దు. ఎంత వంకరగా ఉందో అంత వంకరలోనే ఉంచండి.
2. చెప్పో బూటో కోసి తీయండి. ఊడబెరక్కండి.
3. పాదం కింద, రెండు పక్కలా దిండు మడిచి తువ్వాలుతో కట్టండి.
4. తోలు చిరిగి ఎముక బయటికొస్తే శుభ్రమైన తడిగుడ్డ కప్పండి. లోపలికి నెట్టొద్దు.
5. వేళ్ళ రంగు, చల్లదనం, తాకితే తెలుస్తోందా లేదా అన్నది పావుగంటకోసారి టైము వేసి రాసుకోండి.
6. టీ ఇవ్వొద్దు. నాకు టీ, రెండు బజ్జీలు పెట్టారు. రాత్రి మత్తు డాక్టరుతో తిట్లు తిన్నది నేను.

ఊళ్ళో ఎక్స్‌రే తీశారు. డ్యూటీ డాక్టరు మోకాలు మడిపించి (పిక్క కండరం వదులవడానికట) ఇంజెక్షన్ ఇచ్చి ఒక్కసారి లాగి చూశాడు. రాలేదు. రెండోసారి ప్రయత్నించలేదు. “ఇంకోసారి లాగితే తోలు పోతుంది, ఇది కోసి పెట్టాల్సిందే, ఈ రాత్రికే” అని సగం సిమెంటు కట్టు వేసి పంపాడు. ఆ తెల్లబడిన తోలు ఉదయం దాకా ఆగదని ఆయనకి తెలుసు. ఆయన రెండోసారి లాగకపోవడం వల్లే ఈ కాలికి తోలు మిగిలిందని ఇప్పటికీ అనుకుంటాను.

బరంపురమా, శ్రీకాకుళమా? శ్రీకాకుళమే దగ్గర. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అక్కడినుంచి ఆంధ్రా రోడ్డు. మాట కలుస్తుంది, చుట్టాలున్నారు. కార్డు మాత్రం కలవలేదు. అప్పట్లో ఆరోగ్యశ్రీ ఆంధ్రా రేషన్ కార్డుకి, మాది ఒడిశా కార్డు. ఇంట్లో తెలుగు మాట్లాడతామని ఎవరూ బిల్లు తగ్గించరు. సరిహద్దులో ఉన్నవాళ్ళు ఏ ఊళ్ళో ఏ కార్డు చెల్లుతుందో కాలు బాగున్నప్పుడే కనుక్కొని పెట్టుకోండి.

రాత్రి ఒంటిగంటకి ఆపరేషన్. లోపలి చీలమండ గుబ్బని కోసి పక్కకి తీసి, దానికి అతుక్కున్న బలమైన కట్టుని (ఎముకల్ని కలిపి పట్టే పట్టీ) తెంపకుండా, టాలస్‌ని గూట్లో పెట్టి, మెడకి రెండు టైటానియం స్క్రూలు వేశారు. గుబ్బని మళ్ళీ స్క్రూతో బిగించారు. తలుపు సందులో ఇరుక్కున్న చెక్కని తీయాలంటే ముందు చట్రం విప్పినట్టే. సర్జను ఇది చెబుతుంటే నాకు ఒక్కటే సందేహం వచ్చింది, స్క్రూకి ముందు బర్మాతో చిల్లు వేశారా అని. వేస్తారట.

వారాలు 1–2: దిమ్మ

కాలు గుండె కన్నా ఎత్తులో ఉండాలన్నారు. తలగడలు మూడు పేర్చితే అరగంటకి జారిపోతున్నాయి. మా కుర్రాడు (పని నేర్చుకుంటున్నవాడు) మంచం పక్కన కూర్చొని నేను చెప్పినట్టు కాలి కిందకి ఒక దిమ్మ కోశాడు. పాత పరుపులో స్పాంజి, 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు. పొడవు 70 సెం.మీ., వెడల్పు 28, మోకాలి దగ్గర 22 ఎత్తు, పాదం దగ్గర 30. పక్కలకి 6 సెం.మీ. అంచు, కాలు పక్కకి దొర్లకుండా.

మూడో రోజుకి మడమ మంట. కట్టు అంచులోంచి వేలు పెట్టి చూస్తే మడమ వెనక ఎర్రగా, కాగినట్టు ఉంది. బరువంతా మడమ మీదే పడుతోంది. ఇంకో రెండు రోజులుంటే పుండే. దిమ్మ చివర 12 సెం.మీ. కోసేయించాను, మడమ గాల్లో వేలాడేలా. బరువు పిక్క మీదకి మారింది. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. తలగడలు వాడేవాళ్ళు కూడా ఇది చూసుకోండి: మడమ కింద అరచెయ్యి దూరాలి.

ఇంకొక మార్పు. పొగ, పొగాకు ఏదీ వద్దన్నాడు సర్జను, ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుందని. నాకు బీడీ అలవాటు. అది మానడం కన్నా మా అమ్మ అడ్డచుట్టని (నిప్పు వైపు నోట్లో పెట్టుకొని కాల్చే చుట్ట) గదిలోంచి పెరట్లోకి పంపడం కష్టమైంది. “నా నోట్లో నిప్పు నీ కాలికేటి సేత్తాదిరా” అంది. వెళ్ళింది గానీ రెండు రోజులు మాట్లాడలేదు.

ఖర్చు: 180. మొత్తం: 180 రూపాయలు.

వారాలు 2–4: పెరటి దొడ్డి

అసలు కష్టం ఆపరేషన్ కాదు, లెట్రిన్. మాది నేల మీద కూర్చునేది, పెరట్లో. కుడికాలు నేలకి తగలకూడదు, పన్నెండు వారాలు.

మొదటి ప్రయత్నం: 650 పెట్టి ప్లాస్టిక్ కుర్చీ కొని నడుమ రంధ్రం కోశాం. ఐదో రోజుకి ఎడమ ముందుకాలు దగ్గర చీలింది. కారణం తర్వాత అర్థమైంది. ఒంటికాలి మనిషి నడుమ కూర్చోడు, లేచేటప్పుడు బరువంతా ఒకే మూలకి తోస్తాడు. పైగా రంధ్రం కోయడంతో కుర్చీకి ఉన్న గట్టి పట్టీ కాస్తా పోయింది. పడలేదు, గోడ పట్టుకున్నాను. అదృష్టం.

రెండో ప్రయత్నం చెక్కతో:

1. కాళ్ళు 5×5 సెం.మీ. సాల చెక్క. అడ్డపట్టీలు చిల్లుగూడు పెట్టి (కాలికి గూడు తీసి పట్టీ చివర దాంట్లో దూర్చి) బిగించాం. మేకులు వద్దు, తడికి వదులవుతాయి.
2. సీటు ఎత్తు మొదట 42. ఒక్క కాలితో లేవలేకపోయాను. కాళ్ళకి 6 సెం.మీ. అతుకు వేసి 48 చేశాం. మోకాలి మడత ఎత్తు కొలిచి దానికి నాలుగైదు సెం.మీ. కలపండి.
3. కుర్చీ చేతులు సీటు కన్నా ముందుకి 8 సెం.మీ. రావాలి. లేచేటప్పుడు చెయ్యి ముందుకే వెతుక్కుంటుంది.
4. లెట్రిన్ నేల నీళ్ళు పోవడానికి వాలుగా ఉంటుంది. కుర్చీ అక్కడే పెట్టి నాలుగు కాళ్ళూ విడివిడిగా కొలవాలి. మాకు ఎడమ ముందుకాలు 1.5 సెం.మీ. పొడుగు కావాల్సివచ్చింది.
5. ఎదురుగా ఒక చిన్న పీట, కుడికాలు దాని మీద పెట్టుకోవడానికి. కిందకి వేలాడదీస్తే ఐదు నిమిషాల్లో వేళ్ళు వంకాయరంగు.

గోడకి పట్టుకునే పైపు. అంగుళం ఇనప పైపు, రెండు చివర్లా పలకలు. మొదట గోడలో చెక్క ముక్కలు దిగ్గొట్టి వాటిలోకి స్క్రూలు వేయించాను. మా గోడ పాతది, సున్నం ఇటుక. పట్టి ఊపితే ఒక పక్క మొత్తం ఊడి చేతిలోకొచ్చింది, అర్ధకిలో సున్నంతో సహా. నేను వాడకముందే కుర్రాడిని వేలాడమన్నాను కాబట్టి బతికాను. తర్వాత గోడ అవతలిదాకా బర్మా వేసి, అవతల ఇనప పలక పెట్టి నట్టు బిగించాం. ఇప్పుడు ఇద్దరు వేలాడినా కదలదు. ఇల్లు పాతదైతే స్క్రూని నమ్మొద్దు.

ఖర్చు: ప్లాస్టిక్ కుర్చీ 650, చెక్క కుర్చీ 1,150, పైపు 520. మొత్తం: 2,500.

వారాలు 3–6: చంకకర్రలు, చక్రాల బల్ల

కర్రలు 700 పెట్టి కొన్నాను. కొట్టతను చంక కిందకి ఆనేలా సరిచేసి ఇచ్చాడు. సుఖంగానే ఉంది, చంకల మీద వేలాడుతూ నడిచాను. నాలుగో రోజు కుడిచెయ్యి వెనకవైపు, బొటనవేలి పక్కన తిమ్మిరి. ఉలి పట్టే చెయ్యి. భయం వేసింది. ఫోన్ చేస్తే చంకలో నరం నొక్కుకుంటోందన్నారు.

సరైన కొలత: నిలబడినప్పుడు చంకకీ కర్రకీ మధ్య మూడు వేళ్ళు దూరాలి. పిడి మణికట్టు గీత దగ్గర ఉండాలి, మోచెయ్యి కొంచెం వంగాలి. బరువు అరచేతుల మీద. పై దిండు పక్కటెముకలకి ఆనించి నొక్కడానికి, వేలాడడానికి కాదు. రెండు చిల్లులు దించి, పిడి ఒక చిల్లు పైకి మార్చాను. వారంలో తిమ్మిరి పోయింది. కింద రబ్బరు బుడిపెలు నెలకే అరిగి నున్నగా అయ్యాయి, కొత్తవి 80.

ఇక నా తెలివి. మోకాలు మడిచి బల్ల మీద ఆనించి, దానికి చక్రాలు పెట్టి తోసుకుంటూ తిరుగుదామని. ఎత్తు 47, పైన స్పాంజి, కింద నాలుగు చిన్న చక్రాలు. వసారాలో మూడడుగులు వెళ్ళాను. నాలుగో అడుగులో ముందు చక్రం గచ్చు సందులో ఇరుక్కుంది, బల్ల ఆగింది, నేను ఆగలేదు. అదే కల్వర్టు కథ. ఎడమచెయ్యి గడప మీద పడి మణికట్టు బెణికింది, కుడిపాదం నేలకి తగల్లేదు. బ్రేకు లేని చక్రం మీద ఎక్కిన వాడికి ఇంకేం చెబుతాం! బజారులో దొరికేవాటికి పెద్ద చక్రాలు, చేతి బ్రేకు ఉంటాయి. అవి వేరు.

అదే రోజు చక్రాలు ఊడదీయించాను. చక్రాల్లేని ఆ బల్ల మాత్రం బాగా పనికొచ్చింది. దాని మీద కుడి మోకాలు ఆనించి పళ్ళు తోముకోవడం, గడ్డం గీసుకోవడం, చివరికి చిత్రిక పట్టడం కూడా చేశాను.

ఖర్చు: 700 + 80 + చక్రాలు 360 + స్పాంజి 140. మొత్తం: 3,780. ఇప్పటిదాకా దండగ: 1,010.

వారం 5, మధ్యలో: మేక కాలు

పనిలేక, డాక్టరు చెప్పింది సరిగ్గా అర్థంకాక, మాంసం కొట్టతన్ని మేక వెనకకాలి కీలు కోయకుండా అడిగాను. మా ఆవిడ దాన్ని పాత గిన్నెలో ఉడికించి, “ఇదేటండీ, తినడానికి కాదా?” అంది. విప్పి చూశాం.

నడుమనున్న ఎముక, అంటే మేక టాలస్, చేతిలోకి ఊరికే వచ్చేసింది. చుట్టూ ఉన్న ప్రతి ఎముకకీ ఎక్కడో ఒకచోట తాడు అతుక్కొని ఉంది, దీనికి మాత్రం కండరం తాడు ఒక్కటీ లేదు. నున్నగా, తడిగా, దాదాపు అన్ని వైపులా మెరుపు. ఆకారం అచ్చం బావి గిలక. మేకకి పైనా కిందా రెండు గిలకలు. మనిషికి పైన ఒక్కటే, కింద మడమ ఎముక మీద కూర్చునే పలకలుంటాయి. మనిషి టాలస్ ఉపరితలంలో సుమారు 60 శాతం ఆ మెరిసే మృదులాస్థే. పాతకాలం గ్రీకులు మేకల, గొర్రెల ఎముకలు ఇవే పాచికలుగా వేసేవారు. వేసి చూశాను, నాలుగు వైపులా నిలబడుతుంది.

మెరుపున్న చోట రక్తనాళం దూరదు. మిగిలిన కాస్త జాగాలోంచే దూరాలి. ఆ రక్తంలో ఎక్కువభాగం మెడ దగ్గర్నుంచి వెనక్కి పోతుంది. మెడ విరిగి ఒళ్ళు జారితే ఆ దారి తెగినట్టే. కొళాయి ముందు విరిగింది, ఇల్లు వెనకుంది. 1970లో హాకిన్స్ అనే సర్జను ఈ విరుపుల్ని మూడు రకాలుగా విడదీశాడు. నాది మూడోది. ఆయన లెక్కలో మూడో రకంవాళ్ళలో 91 శాతానికి రక్తం అందక ఎముక ఎండిపోయింది. తర్వాత వచ్చిన లెక్కలు అంత భయంకరంగా లేవని సర్జను అన్నాడు గానీ, రాత్రి నిద్రపట్టనప్పుడు గుర్తొచ్చేది 91 మాత్రమే. లోపలి గుబ్బ దగ్గర కట్టుని ఎందుకు తెంపలేదో కూడా అప్పుడు తెలిసింది. దానిలోంచి కూడా ఒక చిన్న నాళం టాలస్‌కి పోతుంది.

మేక ఎముకని కడిగి ఎండబెట్టి పనిముట్ల పెట్టెలో పెట్టుకున్నాను.

వారం 7: నల్లగీత

కట్టు విప్పి ఎదురుగా ఎక్స్‌రే తీశారు. సర్జను ఫిలిం కిటికీకేసి పట్టుకొని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్ను మొనతో చూపించాడు. టాలస్ గోపురం (పైన గిలకలాంటి వంపు) అంచు కిందే, అంచుతోపాటే వంగిన సన్నటి నల్లగీత. పెన్సిల్‌తో గీసినంత. లోపలివైపు సగం ఉంది, బయటివైపు సగంలో లేదు.

ఆ గీతే హాకిన్స్ గుర్తు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య చూస్తారు. వాడకుండా పెట్టిన ఎముకలో రక్తం తిరుగుతుంటే అది సున్నం వదులుకొని పలచబడుతుంది, ఫిలింలో నల్లగా కనిపిస్తుంది. రక్తం లేని ఎముక చిక్కదు, తెల్లగా అలాగే ఉండిపోతుంది. ఎముక చిక్కిపోయిందంటే సంతోషించాల్సిన సందర్భం ఇదొక్కటే అనుకుంటా. అంటే నాకు లోపలి సగం బతికినట్టు, బయటి సగం తెలీదు. “సగం వచ్చింది కదా, మిగతా సగం కోసం ఆగుదాం” అన్నాడు.

ఆరోజు కొలతలు. వాపు కొలవడానికి టేపుని చీలమండ చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి, రోజూ ఒకే టైముకి, అవే గుబ్బల మీదుగా. ఎడమ 51.5, కుడి 56. పిక్క చుట్టుకొలత మోకాలి చిప్పకి 10 సెం.మీ. కింద: ఎడమ 35.5, కుడి 31. నాలుగున్నర ఎక్కువ ఒకచోట, నాలుగున్నర తక్కువ ఇంకోచోట. పిక్కలోది జారి చీలమండలో పడిందని మా కుర్రాడి సిద్ధాంతం.

వారాలు 12–18: కాటా

మెడ అతుక్కుందన్నారు. పావు బరువు మోపమన్నారు. నా బరువు 72 (పడకముందు 68). పావంటే 18 కిలోలు. 18 కిలోలు పాదానికి ఎలా తెలుస్తుంది? “కొంచెం” అని మోపి చూసి, బరువు చూసే మిషను మీద పెడితే ముల్లు 31 చూపించింది. నా “కొంచెం” అంత. ఇలా చూసుకోవడానికే 850 పెట్టి ముల్లున్న మిషను కొన్నాను. అంకెలు వెలిగేది ఆగి ఆగి చూపిస్తుంది, దీనికి పనికిరాదు.

తప్పులు మూడు:

1. మిషను ఎత్తు 4 సెం.మీ. కుడికాలు దాని మీద, ఎడమకాలు నేల మీద పెడితే నడుము వంగి బరువు తప్పు చూపిస్తుంది. ఎడమకాలి కింద 4 సెం.మీ. పలక వేశాను.
2. ముల్లు చూడాలని తల వంచితే బరువు ముందుకొచ్చి మూడు కిలోలు పెరుగుతుంది. మా ఆవిడని చదవమన్నాను. “పదిహేడు, పద్దెనిమిది, ఆగండి ఆగండి, ఇరవై రెండు!” రేడియోలో కామెంటరీలా.
3. నిలబడి 18 మోపడం వచ్చేసిందని కర్రలతో నడిచాను. సాయంత్రానికి వాపు 1.5 సెం.మీ. పెరిగింది. నడకలో పాదం పడేటప్పుడు ఎక్కువ పడుతుంది. తర్వాత మిషను దారిలో పెట్టి దాని మీద అడుగు వేసి దాటుతూ అలవాటు చేశాను.

నేను పాటించిన నియమం: సాయంత్రం వాపు పొద్దుటి కన్నా 1 సెం.మీ. మించి పెరిగితే మరునాడు బరువు పెంచను. వారం 12లో 18, వారం 14లో 36, వారం 16లో 54. 15వ వారంలో మూడు రోజులు ఆగిపోయాను. వారం 18లో ఒక కర్ర.

ఖర్చు: 850. మొత్తం: 4,630.

నెలలు 5–8: గోడ

ఐదో నెలలో ఎమ్మారై తీశారు. టైటానియం స్క్రూలు కాబట్టి బొమ్మ చెడిపోలేదు. బయటివైపు ఒక భాగంలో రక్తం లేదు, కానీ గోపురం కుంగలేదు. రెండేళ్ళదాకా మధ్యమధ్యలో ఎక్స్‌రే తీసి చూస్తూ ఉండాలి. బరువులు మొయ్యొద్దు, గెంతొద్దు.

ఫిజియో చేసే అమ్మాయి బరంపురం నుంచి వచ్చింది. ఒడియానే. “భాయినా, గోడొ గోడ దగ్గర పెట్టండి” అంది. ఒడియాలో గోడొ అంటే కాలు. మా అమ్మాయి పడీపడీ నవ్వింది. అప్పటినుంచి ఇంట్లో ఆ కొలత పేరు ‘గోడొ-గోడ’.

పద్ధతి తేలిక. నేల మీద గోడ దగ్గర్నుంచి మీవైపుకి కొలత టేపు అతికించండి. బొటనవేలు దాని మీద, మడమ లేవకుండా, మోకాలు వంచి గోడకి తాకించాలి. తాకితే పాదం వెనక్కి జరపాలి. మోకాలు తాకే చివరి దూరమే మీ కొలత. మొదట నాకు తెలీకుండా పాదం లోపలికి కూలిపోయి, దొంగ సెంటీమీటర్లు వచ్చాయి. పాదం వంపు కింద పెన్సిల్ పెట్టాను. నలిగితే కొలత చెల్లదు.

ఎడమ: 11. కుడి: 5వ నెల 0 (వేలు గోడకి ఆనినా మోకాలు తాకదు), 6వ నెల 2, 7వ నెల 4, 8వ నెల 5.5.

తూగుడు పలక కూడా చేశాను. 40 సెం.మీ. గుండ్రటి 18 మి.మీ. ప్లైవుడ్, కింద సగం బంతి. మొదట బంతి ఎత్తు 8 పెట్టాను. నా పాదానికి పక్కలకి వంగే శక్తే లేదు, మోకాలు తిరగబోయింది. 4కి తగ్గించి చెక్కాక కుదిరింది. పక్కలకి వంగేది టాలస్ కింద కీలు, అది సగానికి సగం బిగిసిపోయింది. చదును నేల మీద తెలీదు. పొలం గట్టు మీద, మట్టిగడ్డల్లో వెంటనే తెలుస్తుంది.

ఖర్చు: 240. మొత్తం: 4,870.

నెల 9: పాదం చేసే పని

దీన్నే ఇన్నాళ్ళూ వాయిదా వేశాను.

మా నాన్న నేర్పిన పని నేల మీద కూర్చొని చేసేది. గొంతుకూర్చొని, కుడిపాదం బొటనవేలికీ పక్కవేలికీ మధ్య చెక్క అంచు ఇరికించి, మడమతో నొక్కిపట్టి రంపం కోస్తాం. చెక్క తిప్పాలంటే పాదం తిప్పుతాం. కుడిపాదమే నా బిగింపు. ముప్పైయేళ్ళుగా ఒక్క పైసా ఖర్చులేని పనిముట్టు.

గొంతుకూర్చోవడానికి గోడొ-గోడ 5.5 చాలదు. మడమ లేస్తుంది, వెనక్కి పడతాను. మడమ కింద 3 సెం.మీ. చెక్క పెట్టి చూశాను. కూర్చోగలిగాను. పాదంతో చెక్క పట్టాను. రంపం మూడో లాగుకి చెక్క జారింది, ఎందుకంటే పాదం పక్కకి వంగి పట్టు సరిచేసుకోలేదు. ఇంకో రెండుసార్లు చూశాను. మూడోసారి రంపం పళ్ళు బొటనవేలి పక్కనుంచి పోయాయి. చాలు.

అప్పుడు పనిబల్ల మొదలుపెట్టాను:

1. ఎత్తు: నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ఉన్న ఎత్తు. నాకు 84. ముందు 90 చేశాను, చిత్రిక పట్టేటప్పుడు భుజాలు లాగేశాయి, కాళ్ళు 6 కోశాను.
2. పై పలక 150×50, సాల చెక్క, 5 సెం.మీ. మందం. టేకు దండగ.
3. ఇనప బిగింపు ఎడమ చివర. మొదట కుడి చివర పెట్టి, కుడికాలి మీద బరువు వేసి రంపం లాగుతున్నానని మూడో రోజుకి తెలిసింది. మార్చాను.
4. కింద 12 సెం.మీ. ఎత్తులో అడ్డకర్ర, కుడిపాదం మార్చి మార్చి పెట్టుకోవడానికి. ఇది లేకుండా గంటకి మించి నిలబడలేను. ఉంటే రెండున్నర గంటలు.

మా కుర్రాడు ఇంకా నేల మీదే కోస్తాడు. బల్ల దగ్గరికి రమ్మంటే, “మేస్త్రీ, నా కాలు బాగానే ఉంది కదా” అన్నాడు. నిజమే. ఏమనగలను!

ఖర్చు: చెక్క 4,300, బిగింపు 1,900. మొత్తం: 11,070.

వారం 48: ఈరోజు

వాపు పొద్దున 52.5, సాయంత్రం 53.5. ఎడమ 51.5 దగ్గరే ఉంది. పిక్క కుడి 34. గోడొ-గోడ 6. మూడు నెలల్లో అర సెంటీమీటరే పెరిగింది, ఇక పెద్దగా పెరగదని ఫిజియో అంది. బయటి సగంలో గోపురం ఇంకా కుంగలేదు. మెట్లు ఎక్కడానికి ఇబ్బంది లేదు, దిగేటప్పుడు కుడి మడమ ముందే లేస్తుంది, పట్టుకొని దిగుతాను. బండి నడుపుతున్నాను, కానీ వెనక బ్రేకు తొక్కాలంటే పాదం మొత్తం ఎత్తి వేయాల్సివస్తోంది. అందుకే పెడల్‌ని 2 సెం.మీ. దించమని మెకానిక్‌కి ఇచ్చాను. రేపు తెచ్చుకోవాలి. దించాక ఆపే దూరం ఖాళీ రోడ్డు మీద కొలిచి ఇక్కడే రాస్తాను.

తర్వాతి ఎక్స్‌రే 60వ వారంలో.